పేరు వద్దన్న సాక్షి

గోపన్నలంక,
12-8-1997.

చెల్లెలు రామతులసికి అక్క పాపాయమ్మ దీవించి రాయించేది.

"ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలుపెట్టబోతుంటే పోస్టుమేన్ బుల్లియ్య చెయ్యి పట్టుకుని ఆపాను. ఏం క్షేమం? చెట్టంత కొడుకుని జూలై మూడో తారీకున మీ ఊరి పోలీసు స్టేషన్లో చంపేస్తే, క్షేమం అని ఏ నోటితో రాయించను? ఎప్పట్లాగే పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని నేను చెబుతున్నాను, బుల్లియ్య రాస్తున్నాడు. చుట్టూ నలుగురున్నారు. ఉండనీ.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. సత్తిబాబు దినానికి నిన్ను రావద్దన్నానని నొచ్చుకున్నావు. నొచ్చుకో. నేను వద్దన్నది నిన్ను కాదు, మీ ఆయన ఒంటి మీది చొక్కాని. హోంగార్డయితేనేం, ఖాకీ ఖాకీయే. అది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు. ఆ రోజు మరిదిగారు స్టేషన్లో లేరనీ, మంత్రిగారు వస్తున్నారని వంతెన దగ్గర బందోబస్తుకి పంపారనీ రాశావు. నమ్మాను. మరిది అప్పాజీ గారే అక్కడ ఉండి ఉంటే నా కొడుకు బతికేవాడని రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను.

రావులపాలెంలో అరటి గెలలు దించి ఇంటికొస్తున్నవాణ్ణి, పొలాల్లో మోటారు వైర్లు కోశాడని జీపెక్కించుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి కబురు, లుంగీతో కిటికీ ఊచకి ఉరేసుకున్నాడని. ఆ కిటికీ నేను చూశాను తులసీ. నా భుజం దాటదు. వాడేమో గుమ్మంలో తల వంచితే గానీ లోపలికి రాలేని మనిషి.

ఇప్పుడు ఆర్డీవో గారు విచారణ చేస్తారట. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి చెప్పుకోవచ్చని పేపర్లో వేశారు. నిన్న మా ప్లీడరు దుర్గాప్రసాదరాజు గారు పిలిపించి ఒక సంగతి చెప్పారు. కళ్ళారా చూసిన మనిషి ఒకడు దొరికాడట. కానీ తలుపులేసుకుని ఆర్డీవో గారొక్కరికే చెబుతాడట. వాడి పేరు పోలీసులకీ తెలియకూడదు, మాకూ తెలియకూడదట! ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టమమ్మా అన్నారు రాజుగారు.

ఒప్పుకోనన్నాను. మావాడు దొంగ అని పేపర్లో వేసినప్పుడు ఇంటిపేరుతో, ఊరి పేరుతో, తండ్రి పేరుతో సహా వేశారు కదా. వీరవెంకటసత్యనారాయణ అని అన్నవరం మొక్కుకుని పెట్టుకున్న పేరది. దాన్ని పదిమంది నోళ్ళలో పడేసి, చూసినవాడి పేరు మాత్రం పెట్టెలో పెట్టి తాళమేస్తారా? నా కొడుకు దొంగ కాదని, వాణ్ణి కొట్టి చంపారని, తలుపులన్నీ తీసి ఊరందరి ముందూ చెప్పాలి. చెవిలో చెబితే నాకేం ఒరుగుతుంది?

కోడలు దుర్గాశ్రీ కులాసా. నీ ఉత్తరాలు అదే చదివి వినిపిస్తోంది.

ఇట్లు,
నీ అక్క పాపాయమ్మ

*

కాలవగట్టు వీధి,
21-8-1997.

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఎదురుగా కూర్చుని కేకలేస్తున్నట్టే ఉంది. వెయ్యి, పడతాను. నువ్వు కాకపోతే నన్నెవరు తిడతారు?

ఇక్కడ మా పిల్ల కీర్తిప్రియ ఇంటర్లో చేరింది. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్ళి సాయంత్రానికి వస్తోంది. మీ మరిదికి ఒంట్లో బాగుండటం లేదు. అన్నం ముందు కూర్చుంటారు, కలుపుతారు, లేచిపోతారు. డాక్టరు గ్యాస్ అన్నాడు. జూలై నుంచీ ఇంతే.

అక్కా, నా మాట ఒక్కటి విను. ఆ సాక్షిని తలుపులేసుకునే చెప్పనివ్వు. ఆర్డీవో గారు వింటారు, రాసుకుంటారు. రాసుకున్నది కలెక్టరు గారి దాకా వెళుతుంది. నీకు కావలసింది వాళ్ళకి శిక్ష పడటం కదా. ఆ మనిషికీ పెళ్ళాం పిల్లలు ఉంటారు. ఈ ఊళ్ళోనే బతకాలి, రోజూ అదే స్టేషన్ ముందు నుంచి నడవాలి. అంత భయంలోనూ చెబుతానని ముందుకొచ్చాడంటే అతనిలో ఎంతో కొంత మంచి ఉన్నట్టే కదా.

ఇంకో సంగతి. స్టేషన్లో అనుకుంటుంటే మీ మరిది విన్నారు. ఆ సాక్షి పేరు బయటపెట్టాలని ఎస్సై కూడా అర్జీ పెట్టాడట. నువ్వూ అదే అడిగి, ఎస్సై కూడా అదే అడిగితే, అది ఎవరికి మంచిదో ఒక్కసారి ఆలోచించు.

నేను రాయగలిగింది ఇంతే. నేనే వచ్చి నీ పక్కన కూర్చుని చెబుదామంటే నువ్వు రానివ్వవు. పైగా స్టేషన్ వాళ్ళు మా రాకపోకలు కనిపెడుతున్నారు. నీ ఉత్తరం బుల్లియ్య గారు రాసినా, నాది చదివేది దుర్గాశ్రీ కాబట్టి ఈపాటి ధైర్యమైనా చేశాను.

నీ చెల్లెలు
రామతులసి

*

గోపన్నలంక,
30-8-1997.

రామతులసికి అక్క రాయించేది.

నీ ఉత్తరం విన్నాక నా ఒళ్ళు మండిపోయింది. ఎవరు రాయించారే నీచేత? నీకు ఇన్ని తెలివితేటలు ఎప్పుడొచ్చాయి? "కలెక్టరు గారి దాకా వెళుతుంది"ట! ఎస్సై చెప్పాడా, మీ ఆయన చెప్పాడా? వాళ్ళు పెట్టే కూడు తింటున్నారు, వాళ్ళ మాటే మాట్లాడతారు. తప్పు నాదే, నువ్వింకా నా తోడబుట్టినదానివే అనుకుంటున్నాను.

ఎస్సై కూడా పేరు అడుగుతున్నాడంటావు. అడగనీ. వాడు అడిగాడని నేను అడగడం మానుకోవాలా? వాడు పగలని అంటే నేను రాత్రని అనాలా? తలుపు చాటున చెప్పినమాట రేపు తలుపు చాటునే చెరిపేస్తారు. మొన్న శవపంచాయతీ అప్పుడు ఏం జరిగింది? ఆసుపత్రి వెనకాల నలుగురు పెద్దమనుషులని పోగేసి తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత దాని మీద ఒంటి మీద ఒక్క దెబ్బా లేదని రాసుకున్నారు. సంతకం పెట్టినవాళ్ళని అడిగితే, మాకేం తెలుసు పాపాయమ్మా, శవం త్వరగా ఇస్తారన్నారు, పెట్టేశాం అన్నారు. నా కొడుకు వీపు నేను చూశాను. ఆ వీపు గురించి మళ్ళీ చాటుమాటు మాటలు నాకు వద్దు.

ఆ మనిషికి పెళ్ళాం పిల్లలున్నారని జాలిపడుతున్నావు. సత్తిబాబుకి లేదా పెళ్ళాం? ఆ దాక్కున్నవాడెవడో నాకు తెలిస్తే వాడి గుమ్మంలో కూర్చుంటాను. చూసినవాడివి, ఆ రోజే నోరెందుకు విప్పలేదని అడుగుతాను. చూస్తూ ఊరుకున్నవాడు కొట్టినవాడికంటే ఏం మేలు?

రాజుగారి చేత అర్జీ వేయించాను. సాక్షులందరినీ బహిరంగంగా, పేర్లతో, మా ఎదుట విచారించాలని. వేలిముద్ర నేనే వేశాను.

అరటితోటకి నీళ్ళు పెట్టే దిక్కు లేదు. కోడలు బాగానే ఉంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

పాపాయమ్మ

*

కాలవగట్టు వీధి,
6-9-1997.

అమ్మాయ్ దుర్గాశ్రీ,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. తర్వాత తలుపు గడియ పెట్టి, మీ అత్తయ్య చెవి దగ్గర మెల్లగా చదివి, వెంటనే పొయ్యిలో పెట్టేయ్. నీ పిన్నత్తయ్య ప్రాణం నీ చేతిలో పెడుతున్నాననుకో.

అక్కా,

నువ్వు వెతుకుతున్న ఆ మనిషి మీ మరిది.

ఆ రోజు వంతెన దగ్గర బందోబస్తు అని నీకు అబద్ధం రాశాను. ఆయన స్టేషన్లోనే ఉన్నారు. పొద్దుటి నుంచి సెంట్రీ డ్యూటీ ఆయనదే. ఎస్సై, ఇంకో ఇద్దరూ కలిసి సత్తిబాబుని కొట్టడం ఈయన చూశారు. ప్రాణం పోయాక కిటికీకి కట్టడం కూడా చూశారు. ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండా నూతి దగ్గర కూర్చున్నారు. ఎంత అడిగినా నాకూ చెప్పలేదు. నెల తర్వాత చెప్పారు. చెప్పి, నేను ఆర్డీవో గారికి రాసిస్తాను, నా పేరు మాత్రం బయటికి రాకుండా చూడమని అడుగుతాను అన్నారు.

నేను వద్దని ఏడిచాను. నీ దగ్గర దాచేదేముంది, కాళ్ళు పట్టుకున్నాను. ఆయన వినలేదు. తెల్లకాగితం మీద ఆయనే రాసి, ఆయనే తీసుకెళ్ళి ఆర్డీవో గారి చేతికి ఇచ్చారు. ఆర్డీవో గారు కొత్తాయన, చిన్నవాడు, మంచివాడిలా ఉన్నాడట. సరే అన్నాడట. అంతలో నీ అర్జీ, ఎస్సై అర్జీ వెళ్ళాయి.

హోంగార్డు ఉద్యోగం ఎంతటిదో నీకు తెలుసు. రోజుకూలీ. రేపు రావద్దంటే అంతే. అది పోతే పోయింది. ప్రాణాలు తీసినవాళ్ళు ఇంకోటి చెయ్యరని ఏంటి నమ్మకం?

నువ్వు చెయ్యవలసింది ఒక్కటే. రాజుగారి దగ్గరికి వెళ్ళి నీ అర్జీ వెనక్కి తీసుకో. ఎందుకని అడిగితే, దొరికిన సాక్ష్యం పోగొట్టుకోలేనని చెప్పు. మరో మాట మాట్లాడకు. ఆయన గదిలో చెప్పేది చెబుతారు. నాకు మాటిచ్చారు.

అక్కా, మమ్మల్ని తిట్టుకో, గుమ్మం తొక్కనివ్వకు, నీ ఇష్టం. ఇది మాత్రం దాచు.

తులసి

*

గోపన్నలంక,
15-9-1997.

తులసీ,

ఎలా చెప్పను. బుల్లియ్య రాయలేనంటున్నాడు, నేనే బతిమాలి కూర్చోబెట్టాను. ఇవాళ అరుగు మీద ఎవరూ లేరు. ఉన్నా లేకపోయినా ఇప్పుడు ఒకటే.

నీ ఉత్తరం దుర్గాశ్రీ చదవలేదు. అది ఇక్కడ లేదు. ఆగస్టు ఇరవై నాలుగునే రామచంద్రపురం, పుట్టింటికి వెళ్ళిపోయింది. నీ మాటే అదీ అంది. "ఎందుకత్తయ్యా పంతం, ఆ మనిషి ఎలా చెబుతానంటే అలా చెప్పనివ్వండి" అంది. నేను ఊరుకోలేదు. మొగుడు పోయి రెండు నెలలు కాలేదు, అప్పుడే చల్లబడిపోయావే అన్నాను. ఇంకా అనరానివి కూడా అన్నాను. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. కోడలు వెళ్ళిపోయిందని ఊరందరికీ తెలుసు, నీ ఒక్కదానికే దాచాను. తలవంపులనిపించింది. బాగానే ఉందని రాయమంటే బుల్లియ్య నా మొహం వంక చూసి, రాశాడు.

అది వెళ్ళాక నాకొచ్చిన మొదటి ఉత్తరం నీదే. అరుగు మీద పది మంది దాకా ఉన్నారు. సత్తిబాబు పోయినప్పటి నుంచీ నాకు ఏ కాగితం వచ్చినా అందరూ చేరతారు. నాకూ అదే కావాలి. బుల్లియ్య విప్పి మొదటి వరస చదివి ఆగిపోయాడు.

"పాపాయమ్మ గారూ, ఇది అమ్మాయి గారికి రాసిందండి. లోపలికి వెళ్ళి చదువుకుందామాండి?" అన్నాడు.

"చదవయ్యా! నా కొడుకు సంగతిలో నాకు గుట్టేంటి? నలుగురూ విననీ" అన్నాను.

అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ కసిరాను. చదివాడు. మీ మరిది అన్న మాట దగ్గర కాగితం మడవబోయాడు. అయినా అప్పటికే అందరూ విన్నారు. పేపరు చూసుకోడానికి వచ్చిన పెదబాబు ఒక పక్కన కూర్చున్నాడు. తెలుసుగా, ఎస్సై ఈ ఊరొస్తే కొబ్బరిబొండాలు కొట్టించేది ఆయనే. ఉత్తరం అయ్యేదాకా కూడా ఉండలేదు. మోటారు సైకిలు చప్పుడు వినిపించింది.

పరిగెత్తుకుని పడవ దాటి రాజుగారి దగ్గరికి వెళ్ళాను. అర్జీ తీసేయండి బాబూ అన్నాను. ఆయన తల పట్టుకున్నారు. ముందురోజే ఆర్డీవో గారు మన మాట మన్నించారట. ఇరవై నాలుగో తారీకున బహిరంగ విచారణ, అందరి పేర్లతో. "మీరు అడిగిందే వచ్చిందమ్మా" అన్నారు.

తులసీ, చూస్తూ ఊరుకున్నవాడంటూ ఆ ఉత్తరంలో అన్నాను. నాకు తెలియక అన్నాను. మరిదిగారికి చెప్పు, ఎలాగూ పేరు బయటపడింది కదా, వచ్చి చూసింది చూసినట్టు చెప్పమను. మా లంక లంకంతా వస్తాం. అందరి ముందూ చెబితే ఎవడేం చెయ్యగలడు? నేను ఆయన కాళ్ళ మీద పడతాను. ఈ ఒక్కటీ చెయ్యమను.

నీ అక్క

*

గోపన్నలంక,
25-9-1997.

రామతులసికి,

నిన్న మీ ఆయన్ని చూశాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా వాళ్ళు పడవ దాటి రెండు ట్రాక్టర్ల మీద వచ్చారు, కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆర్డీవో గారు, "జూలై మూడున మీరు స్టేషన్లో ఉన్నారా?" అని అడిగారు. మీ ఆయన నేల చూపు చూస్తూ "లేనండి. వంతెన దగ్గర బందోబస్తులో ఉన్నానండి" అన్నాడు. మరి ఈ కాగితం ఎవరు రాశారని చూపిస్తే, మతి చలించి రాశానండి, వాడు మా ఒదినగారి కొడుకండి, బాధలో రాశానండి అన్నాడు. డ్యూటీ పుస్తకం తెచ్చారు. అందులోనూ అలాగే ఉంది.

ఆర్డీవో గారు రెండోసారి అడిగారు. రెండోసారీ అదే చెప్పాడు.

నేను మీ ఆయన మొహాన ఉమ్మేశాను. అందరూ చూశారు. సత్తిబాబుని భుజాల మీద ఎక్కించుకుని తీర్థాలు తిప్పిన మనిషి, వాడు చచ్చాక కూడా వాడి పక్షాన ఒక్క మాట అనలేకపోయాడు. ఇక నాకు చెల్లెలు లేదు. ఉత్తరాలు రాయకు.

పాపాయమ్మ

*

కాలవగట్టు వీధి,
12-10-1997.

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ రాస్తాను. ఎవరిచేత చదివించుకున్నా నాకు అభ్యంతరం లేదు. అరుగు మీదే చదివించుకో. బుల్లియ్య గారూ, గొంతు తగ్గించకుండా చదవండి.

మొన్న ఒకటో తారీకున ఆయన్ని రావద్దన్నారు. చెప్పమన్న అబద్ధం చెప్పినా తీసేశారు. రేపు ఇల్లు ఖాళీ చేసి జంగారెడ్డిగూడెం వెళ్ళిపోతున్నాం. అక్కడ ఎవరిదో పామాయిల్ తోటకి కాపలా మనిషి కావాలట. కీర్తిప్రియ చదువు ఆపేశాం. నిన్న విచారణ రిపోర్టు సంగతి రాజుగారి గుమాస్తా చెప్పాడు. ఆత్మహత్య అనే రాశారట. నీకూ తెలిసే ఉంటుంది.

నువ్వు ఉమ్మెయ్యాల్సింది ఆయన మొహాన కాదు, నా మొహాన. ఆ అబద్ధం చెప్పించింది నేను. నీ అరుగు మీద ఉత్తరం చదివిన సాయంత్రానికే ఎస్సై మా ఇంటికొచ్చాడు. యూనిఫాం లేదు, మామూలు చొక్కా. కుర్చీ వేశాను. టీ అడిగి తాగాడు. విచారణ మాటే ఎత్తలేదు. "మీ అమ్మాయి కాలేజీకి ఏ బస్సుకి వెళుతుందండి? సాయంత్రం ఎన్నింటికి దిగుతుంది?" అని అడిగాడు. చెప్పాను. చెప్పకపోతే తెలియదా? టీ బాగుందని చెప్పి వెళ్ళాడు. అప్పుడు నేను ఈయన చెయ్యి తీసుకుని కీర్తి నెత్తి మీద పెట్టి ఒట్టు వేయించుకున్నాను. చూడలేదని చెప్పండి, లేకపోతే మేమిద్దరం కాలవలో దూకుతాం అన్నాను. ఇరవై నాలుగున బయల్దేరేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేసింది నేనే.

నీ మీద నాకు కోపం లేదని రాయాలనుంది. ఉంది అక్కా. కోడలు వెళ్ళిపోయిందని ఒక్క ముక్క రాస్తే నేను ఆ ఉత్తరం వేసేదాన్ని కాదు. ఊరందరి ముందూ అన్నీ చెప్పాలన్నదానివి, ఆ ఒక్కటీ నాకు చెప్పలేకపోయావు. లోపల చదువుదామని బుల్లియ్య గారు రెండుసార్లు అడిగినా వినలేదు. నిన్ను తిట్టుకుంటూ గిన్నెలు తోముకుంటాను, మళ్ళీ నీ కొడుకు గుర్తొచ్చి ఏడుస్తాను.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది నాకూ మొన్ననే తెలిసింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి, చెప్పారు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు సత్తిబాబుని ఒక విడత కొట్టి లోపలేశారు. ఈయన బయట తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నారు. సత్తిబాబు పాకుతూ ఊచల దగ్గరికి వచ్చి, "బాబాయ్, మంచినీళ్ళు" అన్నాడట. కుండ అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఎస్సై బల్ల దగ్గర నుంచి తలెత్తి, "ఏంటి అప్పాజీ, నీకు చుట్టమా?" అన్నాడట.

ఈయన "కాదండి" అన్నారట.

సత్తిబాబు ఈయన వంక చూశాడట. ఇంక పిలవలేదట. తర్వాత వాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు, అంత కొడుతున్నా బాబాయ్ అని ఒక్కసారి కూడా అనలేదట.

పేరు బయట పెట్టొద్దని ఆర్డీవో గారిని వేడుకున్నది ఎస్సైకి భయపడి అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వూ అదే అనుకుని ఉంటావు. కాదట. "పేరుతో చెబితే, అక్కడే ఉండి నువ్వేం చేశావని అడుగుతారు తులసీ. అడిగితే ఆ మాట చెప్పాలి. మీ అక్క ఎదురుగా కూర్చుని వింటారు. ఎస్సై ముందు నిలబడి ఏదైనా చెప్పగలను గానీ ఆవిడ ముందు ఆ మాట చెప్పలేను" అన్నారు.

నీ చెల్లెలు
రామతులసి